లైటు ఒకటి చెప్తది, కాయితం ఇంకోటి చెప్తది

మన బండ్లకు ఇయ్యాల ఇద్దరు సాక్షులున్నరు. ఒకటి, స్టీరింగ్ ముంగట మీటర్ల వెలిగే పసుపు రంగు ఇంజను బొమ్మ. రెండోది, రోడ్డు పక్కన పొల్యూషన్ వ్యాన్ల ఇచ్చే కాయితం. ఇద్దరినీ అడిగేది ఒక్కటే ముచ్చట: ఈ బండి గాలిని ఎంత ఖరాబు చేస్తున్నది? కానీ ఇద్దరి జవాబు ఒక్క తీరు ఉండది. ఇంజను లైటు వెలుగుతున్న బండికి కూడా ‘పాస్’ అని కాయితం వస్తది. నా డీజిల్ కారుకు నాలుగు నెలల్ల మూడు సార్లు ఆ లైటు పడ్డది. మూడు సార్లు మెకానిక్ మిషిన్ పెట్టి చెరిపిండు. నడుమల పొల్యూషన్ టెస్టు చేయిస్తే, లైటు వెలుగుతుండంగనే పాసయింది. ఇది నా ఒక్కని బాధ అయితే ఇంత రాసే పని లేకుండె. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్... ఏ టాక్సీ స్టాండుల నిలబడి అడిగినా ఇదే ముచ్చట వినవడ్తది.

సవాలు ఏందంటే, బండి తన రోగం తానే చెప్తుంటే, సర్కారు టెస్టు దాన్ని ఎందుకు వింటలేదు?

లైటు ఎట్ల పనిచేస్తది?

ఆ లైటు ఎన్క ఒక చిన్న కంప్యూటర్ ఉంటది. దాన్నే ఓబీడీ అంటరు, అంటే బండి తనను తానే పరీక్ష చేసుకునే ఏర్పాటు. మన దేశంల బీఎస్-4 రూల్స్‌తోని 2010ల ఇది మొదలైంది. 2013ల రెండో దశ వచ్చింది. ఆ బీఎస్-4 మొదట హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకే వచ్చి, 2017 ఏప్రిల్ 1 నాటికి దేశమంతా అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-5ను దాటేసి నేరుగా బీఎస్-6కు పోయినం. అప్పటి నుంచి మోటర్ సైకిళ్లకు కూడా ఈ లైటు వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండో దశ. దీంట్ల ల్యాబులనే కాదు, రోడ్డు మీద నడిపి కూడా పొగ కొలిచినంకనే కంపెనీ కొత్త మోడల్‌కు పర్మిషన్ ఇయ్యాలె.

పెట్రోల్ కారునే తీసుకుందాం. పొగ గొట్టంల క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటది. విషపు వాయువులను అది మారుస్తది. దానికి ముందు ఒక ఆక్సిజన్ సెన్సార్, తర్వాత ఒకటి ఉంటయి. ముందు సెన్సార్ ఎట్ల ఎగురుతున్నదో ఎన్క సెన్సార్ కూడా అట్లనే ఎగిరితే, నడుమల ఉన్న డబ్బా పనిచేస్తలేదని కంప్యూటర్‌కు తెలుస్తది. అప్పుడు పి 0420 అనే నంబర్ రాసుకుంటది. కొంత పొగను తిరిగి ఇంజనుకు పంపే ఈజీఆర్ దారి మసితోని మూసుకపోతే పి 0401 రాసుకుంటది. చాలా తప్పులకు ఒక్కసారి కనవడంగనే లైటు ఎయ్యది. రెండో ట్రిప్పుల కూడా అదే తప్పు కనవడితేనే ఏస్తది.

మెకానిక్ దాన్ని చెరిపినప్పుడు ఏమైతది? నంబర్ పోతది, లైటు పోతది. దాంతోపాటు కంప్యూటర్ అప్పటిదాక చేసుకున్న పరీక్షల లెక్క కూడా పోతది. మళ్ల కొన్ని రోజులు బండి నడిస్తే పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకుంటది. రోగం అట్లనే ఉంటే లైటు మళ్ల వస్తది. జరమొచ్చినోని నోట్ల నుంచి థర్మామీటర్ తీసి దులిపితే జరం తగ్గుతదా? ఇది కూడా గట్లనే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. లైటు నిలకడగా వెలిగితే బండిని మెల్లగ షెడ్డు దాక తీసుకపోవచ్చు. మినుకు మినుకు అంటే మాత్రం ఇంజను సరిగ్గ మండుతలేదు, మండని పెట్రోల్ పోయి కన్వర్టర్‌ను కాలుస్తున్నదని అర్థం. బండి పక్కకు ఆపుడే మంచిది.

కాయితం ఏం కొలుస్తది?

ఇగ పొల్యూషన్ టెస్టు సంగతి. పెట్రోల్ బండికి నిలబెట్టి ఇంజను నడిపి, పొగ గొట్టంల గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ల లెక్క చూస్తరు. డీజిల్ బండికి నిలబెట్టి యాక్సిలరేటర్ గట్టిగ తొక్కి, పొగ ఎంత మందంగ ఉన్నదో చూస్తరు. పాత డీజిల్ బండ్లకు 65 యూనిట్లు, బీఎస్-4కు 50 యూనిట్లు దాటద్దు. అంతే.

ఇందుల లేనిది ఏంది? నైట్రోజన్ ఆక్సైడ్లు. డీజిల్ బండ్ల అసలు విషం ఇదే. బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటర్‌కు 250 మిల్లీగ్రాముల దాకా వదలొచ్చని ఉండె, బీఎస్-6ల దాన్ని 80కి దించిన్రు. సన్నటి ధూళిని 25 నుంచి 4.5 మిల్లీగ్రాములకు దించిన్రు. దీనికోసమే బండ్ల ధరలు పెరిగినయి. డీజిల్ల గంధకాన్ని 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గించేందుకు రిఫైనరీలు వేల కోట్లు పెట్టినయి. ఆ ఖర్చంతా చివరికి మన జేబుల నుంచే పోయింది. కానీ బండి రోడ్డెక్కినంక ఆ 80 మిల్లీగ్రాములు 80 మీదనే ఉన్నయా, 800 అయినయా అని మన పొల్యూషన్ వ్యాన్ల ఎవలూ కొలవరు. కొలిచే మిషినే అండ్ల లేదు.

ఇంకో లోపం. బొగ్గు లోడుతోని ఎత్తు ఎక్కే లారీ వదిలే పొగ వేరు, బంకు పక్కన ఖాళీగ నిలవడి వదిలే పొగ వేరు. టెస్టు రెండోదాన్నే చూస్తది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటది, కంప్యూటర్‌ను అడిగేందుకే పెట్టింది. దాంట్ల వైరు పెట్టి అడిగే పద్ధతి మన టెస్టుల లేదు.

సర్కారు ఏం చేస్తలేదని కాదు. 2021 జూన్‌ల కేంద్రం పొల్యూషన్ సర్టిఫికెట్‌ను దేశమంతా ఒకే తీరుగ చేసింది. క్యూఆర్ కోడ్ పెట్టింది. ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో స్లిప్పు ఇయ్యాలన్నది. కాయితం బాగుపడ్డది, పరీక్ష మాత్రం అక్కడనే ఉన్నది. పరీక్ష కూడా సక్కగ నడుస్తున్నదా అంటే, 2025ల ఢిల్లీ అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ రిపోర్టు చదవాలె. పొగ లిమిట్ దాటినా 1.08 లక్షల బండ్లకు సర్టిఫికెట్లు ఇచ్చిన్రని అందుల తేల్చింది. దేశ రాజధానిల, సుప్రీంకోర్టు కండ్ల ముంగట పరిస్థితి గిట్లుంటే, జిల్లాల లెక్క అడిగేటోడే లేడు.

బయట దేశాలు ఏం చేసినయి?

అమెరికాల చాలా రాష్ట్రాలు 1996 తర్వాతి కార్లకు ఆ సాకెట్లనే వైరు పెట్టి టెస్టు చేస్తయి. ఇంజను లైటు వెలుగుతున్నదా, ఫెయిల్. టెస్టుకు పొయ్యే ముందే చెరిపిచ్చినవా, కంప్యూటర్ ‘నా పరీక్షలు ఇంకా పూర్తి కాలే’ అంటది. ‘కొన్ని రోజులు నడిపి మళ్ల రా’ అని పంపుతరు. చెరిపే ఆట అక్కడితోని బంద్. అయితే పాత కార్లు నడిపే పేదోళ్లకు ఇది భారమే. అందుకే కాలిఫోర్నియాల ఫెయిలైన బండిని బాగు చేయించుకునేందుకు తక్కువ ఆదాయం ఉన్నోళ్లకు సర్కారే సాయం చేస్తది. రూల్‌తోపాటు సాయం కూడా పెట్టుడు మనం నేర్చుకోవాల్సిన పాఠం.

అయితే కంప్యూటర్ చెప్పిందే వేదం అనుకుంటే కూడా మోసపోతం. 2015 సెప్టెంబర్‌ల ఫోక్స్‌వ్యాగన్ బాగోతం బయటపడ్డది. టెస్టు నడుస్తున్నదని గుర్తు పట్టంగనే పొగ తగ్గించి, రోడ్డెక్కంగనే పెంచే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీనే పెట్టింది. ప్రపంచమంతా 1.1 కోట్ల బండ్లు. మన దేశంల 3.23 లక్షల కార్లను ఎన్కకు పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చాల్సొచ్చింది. 2019 మార్చిల జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జుర్మానా ఏసింది, దాని మీద కంపెనీ సుప్రీంకోర్టుకు పోయింది. ఈ దొంగతనం ఎట్ల దొరికింది? బండి డిక్కిల మిషిన్ పెట్టుకొని రోడ్డు మీద నడిపి కొలిస్తే దొరికింది. అంటే నిలబెట్టి కొలుసుడు చాలదు, కంప్యూటర్‌ను అడుగుడు కూడా ఒక్కటే చాలదు. రెండూ కావాలె, అప్పుడప్పుడు రోడ్డు మీద కూడా కొలవాలె.

మన దిక్కు ఎవలకు తగుల్తది?

మన ఉత్తర తెలంగాణ రోడ్ల మీద నడిచే సరుకు చూడుండ్రి. కరీంనగర్ చుట్టు గ్రానైట్ క్వారీలు. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లిల సింగరేణి బొగ్గు. రామగుండంల ఎన్టీపీసీ బూడిద. బసంత్‌నగర్, దేవాపూర్ల సిమెంటు. పత్తి సీజన్ల ఆదిలాబాద్ మార్కెట్ ముంగట బండ్ల లైన్. రాజీవ్ రహదారి మీద, 44వ నంబర్ హైవే మీద పగలు రాత్రి డీజిల్ నడుస్తనే ఉంటది. రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టుకున్నామె, ట్రాఫిక్ డ్యూటీల నిలవడ్డ కానిస్టేబుల్, బడికి నడిచిపోయే పిల్లలు ఆ పొగ పీలుస్తరు. వాళ్లకు కారు లేదు, లైటు లేదు, సర్టిఫికెట్ లేదు.

కొత్త పెద్ద లారీలల్ల డీజిల్‌తోపాటు డీఈఎఫ్ అనే యూరియా నీళ్లు పొయ్యాలె. నైట్రోజన్ ఆక్సైడ్లను చంపేది అదే. దానికి ఖర్చయితది. అది పొయ్యకుంటే లైటు పడ్తది, కొన్ని బండ్లు బలం కూడా తగ్గించుకుంటయి. అప్పుడు కంప్యూటర్‌ను మోసం చేసే చిన్న డబ్బా పెట్టి ‘అంతా మంచిగనే ఉన్నది’ అని చెప్పించుడు ప్రపంచమంతా ఉన్న రోగం. డీజిల్ కార్లల్ల మసిని పట్టే ఫిల్టర్ కథ కూడా గంతే. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కొంతసేపు వేడిగ నడవాలె. ఊర్లనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండికి అది నిండుతది, లైటు వస్తది. కొత్త ఫిల్టర్ ధర విని గుండె గుభేలుమంటది. ‘దాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్ మారుస్త’ అని ఒకడు చెవుల ఊదుతడు. అందరూ గిట్ల చేస్తున్నరని నేను అంటలేను. నేననేది ఏందంటే, నిజాయితీగ డీఈఎఫ్ పోసిన ఓనర్‌కూ, మోసం చేసిన ఓనర్‌కూ మన టెస్టు ఒకే సర్టిఫికెట్ ఇస్తది. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవనే కొలవరు కదా. మోసం చవుక, నిజాయితీ ఖరీదు అయిన కాడ ఎవలైనా ఎన్నొద్దులు నిజాయితీగ ఉంటరు?

మెకానిక్ మీద మొత్తం తప్పు ఏసుడు కూడా అన్యాయమే. జగిత్యాలలనో, ఉట్నూర్లనో షెడ్డు పెట్టుకున్న అన్న కార్బురేటర్ల మీద పని నేర్చిండు. ఆయన చేతిల ఉన్నది వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ పరికరం. అది నంబర్ చెప్తది, కారణం చెప్పది. ఆక్సిజన్ సెన్సార్ నంబర్ వస్తే సెన్సార్ మారుస్తడు. అసలు తప్పు సైలెన్సర్ పైపుల చిన్న పగులు కావొచ్చు. పైసలు పోతయి, లైటు మళ్ల వస్తది. కంపెనీ దగ్గర ఉండే పూర్తి సమాచారం ఆయనకు అందది. రిపేర్ హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబర్ల పోర్టల్ పెట్టింది, దాంట్ల బండ్లను కూడా చేర్చింది. గల్లీ మెకానిక్‌కు కంపెనీల డయాగ్నోసిస్ సమాచారం సరసమైన ధరకు దొరికినప్పుడే ఆ హక్కుకు విలువ.

పెట్రోల్ బండ్లకు ఇంకో చిక్కు ఇథనాల్. 2023 నుంచి 20 శాతం కలిపిన పెట్రోల్ అమ్ముడు మొదలైంది, ఇప్పుడు బంకులల్ల ఎక్కువ అదే. ఇథనాల్‌ల ఆక్సిజన్ ఉంటది కాబట్టి ఇంజను కొంచెం ఎక్కువ ఇంధనం చల్లాలె. 10 శాతానికే సర్దిన పాత కార్లల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021ల నీతి ఆయోగ్ రోడ్ మ్యాపే చెప్పింది. ఇటు నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబర్ల ఊర్లకు ఊర్లు రోడ్డెక్కితే సర్కారు పనులు ఆపించింది. పొగ తగ్గించుడనే పేరు మీద జరిగే ప్రతి పనికీ నీళ్ల ఖర్చు, పొలం ఖర్చు, రిపేర్ ఖర్చు ఉంటయి. అవి ఎవల మీద పడ్తున్నయో అడుగుడు మన హక్కు.

చట్టం ఎవల్ని పట్టుకుంటున్నది?

మోటర్ వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద పొగ రూల్స్ తప్పితే పది వేల రూపాయల దాకా జుర్మానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ సస్పెన్షన్ ఉన్నయి. వినేటందుకు గట్టి చట్టమే. కానీ రోడ్డు మీద అడిగేది ‘కాయితం ఉన్నదా?’ అని. ‘పొగ ఎంత?’ అని కాదు. మంచి బండి నడుపుతూ కాయితం మరిచినోడు దొరుకుతడు. నల్లటి పొగ వదులుతూ కాయితం జేబుల పెట్టుకున్నోడు సలాం కొట్టి పోతడు. 2017ల సుప్రీంకోర్టు పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుంటే ఇన్సూరెన్స్ రెన్యూవల్ చేయొద్దన్నది. 2024 జులైల ఆ షరతు ఎత్తేసింది, ఎందుకంటే ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే నష్టపోయేది గాయపడ్డోళ్లే. ఇది సరైన తీర్పే. కానీ ఆ తాడు తెగినంక దాని జాగల ఇంకో తాడు మనం కట్టుకోలేదు.

ఏం చేయాలె?

మొదటిది, బీఎస్-6 బండ్లకు పొల్యూషన్ టెస్టుల ఆ సాకెట్లకు వైరు పెట్టాలె. లైటు, తప్పుల నంబర్లు, ఈ మధ్య చెరిపిన్రా లేదా, ఇవన్నీ రాయాలె. మొదటి ఏడాది జుర్మానా వద్దు, హెచ్చరికే చాలు. వైరు తెగినా, సెన్సార్ పాడైనా లైటు వస్తది కాబట్టి లైటును నేరం లెక్క చూడొద్దు. బాగు చేయించుకునేందుకు రెండు నెలలు గడువియ్యాలె. పాత బండ్లకు ఇప్పటి టెస్టే ఉండాలె.

రెండోది, చిన్నోళ్ల మీద కాదు, పెద్దోళ్ల నుంచి మొదలు పెట్టాలె. సింగరేణి మన రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సంస్థ. బొగ్గు రవాణా కాంట్రాక్టుల ‘కంప్యూటర్ రిపోర్టు క్లీన్ ఉన్న బండ్లకే పని’ అని ఒక్క షరతు పెడితే చాలు. దానికి కొత్త చట్టం అక్కర లేదు. బూడిద, సిమెంటు, గ్రానైట్ లారీలకు కూడా అదే దారి. ఆటో డ్రైవర్‌ను ఆపే ముందు టెండర్ కాయితం మార్చాలె.

మూడోది, మెకానిక్‌లకు చదువు. రాష్ట్రంల 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మారుస్తున్నరు. అండ్ల షెడ్డు మెకానిక్‌లకు సాయంత్రం పూట స్కానింగ్ కోర్సు పెట్టుండ్రి. రవాణా శాఖ చూసే పొన్నం ప్రభాకర్ మన కరీంనగర్ ఎంపీగా చేసినోరే. ఈ ప్రాంతం నుంచే ప్రయోగం మొదలు పెట్టమని అడుగుడు తప్పు కాదు.

‘ఇంకో టెస్టు పెడితే ఇంకో లంచం పెడ్తరు’ అని చానామంది అంటరు. ఆ భయం నిజమే. అందుకే లెక్క మనిషి చేతుల నుంచి కాదు, మిషిన్ నుంచి నేరుగా సర్వర్‌కు, ఓనర్ ఫోనుకు ఒకేసారి పోవాలె. రాసేటోని చేతి పెన్నుకు పనే ఉండొద్దు.

సర్కారు కదిలే దాక మనం చేసుకునేది కూడా కొంత ఉన్నది. లైటు పడితే ముందు చెరపనియ్యద్దు. నంబర్ బిల్లు మీద రాయించుకోవాలె. పొల్యూషన్ స్లిప్పు మీద ‘పాస్’ అనే మాట ఒక్కటే కాదు, కొలత ఎంతొచ్చిందో చూసి పోయినేటి స్లిప్పుతోని పోల్చుకోవాలె. వారంటీ బుక్కుల ఎమిషన్ వారంటీ పేజీ చదవాలె. నేను చూసిన ఒక బుక్కుల, పొల్యూషన్ టెస్టుల ఫెయిలైతేనే ఆ వారంటీ వర్తిస్తదని ఉన్నది. అంటే ఫెయిల్ చేయని టెస్టు కంపెనీకి కూడా లాభమే. సర్టిఫికెట్ ఈజీగ రావుడు మనకు మేలు అనుకుంటం గానీ, నిజంగ ఫెయిల్ చేసే టెస్టు ఉంటేనే కంపెనీ నుంచి మన పైసలు మనకు తిరిగొస్తయి. బండి కొన్నోనికీ, బండి లేకుండ రోడ్డు పక్కన ఆ పొగ పీల్చేటోనికీ ఈ ఒక్క విషయంల లాభం ఒక్కటే. కొట్లాడేది ఇద్దరూ కలిసి కొట్లాడాలె.